ఫైలులో తాగుడు అని రాశారు, ఇంట్లో జరిగింది వేరు: మా వారి డిజేబిలిటీ పెన్షన్‌ను మళ్లీ తెరిపించవచ్చా?

గిద్దలూరు_కోడలు
మా వారు 1996లో ఆర్టిలరీలో చేరి, 22 ఏళ్ల సర్వీసు పూర్తి చేసుకుని 2018లో నాయక్‌గా ఇంటికి వచ్చారు. అందులో 2010 నుంచి 2012 వరకు తీవ్రవాదుల ఏరివేత దళమైన రాష్ట్రీయ రైఫిల్స్‌తో కాశ్మీర్‌లోని కుప్వారాలో ఉన్నారు. అక్కడ ఒక గాలింపులో తోటి జవాను తూటా తగిలి ఈయన ఒళ్లోనే ప్రాణం విడిచాడన్న సంగతి నాకు ఈయన చెప్పలేదు. మూడేళ్ల తర్వాత ఆ జవాను తమ్ముడు ఫోను చేసినప్పుడు తెలిసింది. ఆ పోస్టింగు మధ్యలో వచ్చిన సెలవులోనే మా వారికి నిద్ర కరువైంది. తాగడం ఆ తర్వాత మొదలైంది. 2014లో మిలటరీ ఆసుపత్రిలో చేరినప్పుడు ఫైలులో 'ఆల్కహాల్ డిపెండెన్స్ సిండ్రోమ్', అంటే తాగుడుకు బానిస అని రాశారు. సర్వీసు ముగిసే ముందు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు అదే మాటను ఎత్తి రాసి, వైకల్యం 20 శాతమేనని, అది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదని తేల్చింది. ఈయన చదవకుండా సంతకం పెట్టి వచ్చేశారు. సర్వీసు పింఛను వస్తోంది, డిజేబిలిటీ పెన్షన్ లేదు.

2024లో ఒంగోలులో ఒక మానసిక వైద్యుడు నాలుగైదు సార్లు చూసి, ఇది పి.టి.ఎస్.డి. (ఘోరమైన సంఘటన తర్వాత మనసుకు పట్టే జబ్బు) అని, తాగుడు దాని వెనకాల వచ్చినదని చీటీ మీద రాశారు. ఇప్పుడు నేను ఎక్కడ మొదలుపెట్టాలి? ఈయన మాత్రం 'పిచ్చివాడినని సర్కారు చేత ముద్ర వేయించి నెలకు ఎంత తెస్తావు' అంటున్నారు.

రిటైర్డ్_సుబేదార్
ముందుగా ఒక్క ప్రశ్న, అమ్మా. మెడికల్ బోర్డు కాగితాల పూర్తి నకలు మీ దగ్గర ఉందా, లేక డిశ్చార్జి బుక్‌లో ఉన్న ఒక్క పంక్తి చూసి చెబుతున్నారా?

గిద్దలూరు_కోడలు
డిశ్చార్జి బుక్, తిరస్కరించినట్టు వచ్చిన ఒక ఉత్తరం, ఈ రెండే ఉన్నాయి బాబాయ్ గారూ.

రిటైర్డ్_సుబేదార్
అయితే మీ చేతిలో ఇంకా కేసు లేదు. సమాచార హక్కు చట్టం కింద నాసిక్ రోడ్ క్యాంపులోని ఆర్టిలరీ రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేయాలి, జవాబుకు గడువు 30 రోజులు. రిలీజ్ బోర్డు ఫారం అయిన ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్-16, 2014 నాటి ఆసుపత్రి కేస్ షీట్లు, ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్-10, రాష్ట్రీయ రైఫిల్స్ పోస్టింగును నమోదు చేసిన పార్ట్-టూ ఆర్డర్లు (జవాను సర్వీసు వివరాలు రికార్డుకెక్కే ఉత్తర్వులు) పేరుపేరునా అడగండి. 'అన్ని కాగితాలూ ఇవ్వండి' అని రాస్తే ఏదో ఒకటి పంపి చేతులు దులుపుకొంటారు. ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్-10 అంటే మానసిక వైద్యానికి పంపేటప్పుడు కమాండింగ్ ఆఫీసరు జవాను ప్రవర్తన గురించి రాసి ఇచ్చే కాగితం. మీ వారు అంతకు ముందు ఎలా ఉండేవారో అందులో ఒక మంచి వాక్యం ఉన్నా చాలు. ఇవి ఆయన సొంత వైద్య వివరాలు కనుక దరఖాస్తు ఆయన పేరుతో, ఆయన సంతకంతోనే వెళ్లాలి.

కాగితాల_పురుగు
సుబేదార్ గారు చెప్పింది మొదటి మెట్టు. ఆ తర్వాతి మెట్టు జారుడుది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మద్యం, పొగాకు, మత్తుపదార్థాల వల్ల కలిగిన వైకల్యం మనిషి అదుపులో ఉన్న విషయం కాబట్టి దానికి పరిహారం ఇవ్వకూడదని పింఛను అర్హతను తేల్చే 2008 నాటి ఎంటైటిల్‌మెంట్ నియమాల్లో నేరుగా ఉంది. అందువల్ల 'మా వారి తాగుడుకు పింఛను ఇవ్వండి' అని అర్థం వచ్చేలా రాసిన ఏ అర్జీ అయినా మొదటి బల్ల మీదే ఆగిపోతుంది. మీరు తప్పు పట్టవలసింది శాతాన్ని కాదు, రోగ నిర్ధారణను.

సైనిక వైద్యాధికారుల కోసం 2008లో వచ్చిన మార్గదర్శి కూడా చూడండి. మానసిక వ్యాధులను సర్వీసుకు ఆపాదించగల పరిస్థితుల్లో యుద్ధ ప్రాంతంలో, తిరుగుబాటు అణచివేత ప్రాంతంలో, ఎత్తైన మంచు ప్రాంతంలో, బాగా ఒంటరిగా ఉండే పోస్టుల్లో పనిచేయడాన్ని అది పేర్కొంటుంది. కుప్వారా పోస్టింగు సర్వీసు రికార్డులోనే ఉంది కనుక దాన్ని ఎవరూ కాదనలేరు. మిగిలింది ఒకే లంకె: జబ్బు ఆ రోజుల్లోనే మొదలైందని, తాగుడు దాని తర్వాత వచ్చిందని చూపించడం. ఆ వరుస తెలిసిన సాక్షి ఈ భూమ్మీద మీరొక్కరే.

ఇక సుప్రీంకోర్టు 2013లో ధరంవీర్ సింగ్ కేసులో ఏమందంటే, చేరేటప్పుడు రికార్డులో ఏ జబ్బూ రాసి లేకపోతే అది సర్వీసులో వచ్చినదనే అనుకోవాలి, రుజువు భారం జవాను మీద ఉండదు, మెడికల్ బోర్డు కాదంటే కారణాలు రాయాలి. మీ తిరస్కరణ ఉత్తరంలో కారణం అనేది ఉందా?

గిద్దలూరు_కోడలు
ఉంది. ఒకే ఒక్క పంక్తి. 'సైనిక సర్వీసుతో సంబంధం లేనిది' అని.

చిల్లర_శ్రీను
నా అర్జీకి వచ్చిన జవాబు కూడా అదే పంక్తి. నాది మోకాలు. రబ్బరు స్టాంపు చేయించి ఉంటారనిపిస్తోంది.

కృష్ణా_వకీలు
ధరంవీర్ సింగ్ తీర్పును అందరూ తాయెత్తులా కట్టుకుంటున్నారు కానీ, ఆయనది మూర్ఛ వ్యాధి. మానసిక వ్యాధుల దగ్గరకు వచ్చేసరికి ప్రభుత్వ న్యాయవాది 2019 నాటి నర్సింగ్ యాదవ్ తీర్పును తీస్తారు. మానసిక రుగ్మతలు చేరే రోజున వైద్య పరీక్షలో బయటపడకపోవచ్చు కనుక ఆనాడు రాయలేదన్నంత మాత్రాన సర్వీసు వల్లనే వచ్చిందని అనుకోలేమని అందులో ఉంది. ఆ తీర్పు స్కిజోఫ్రీనియాకు సంబంధించినది, పి.టి.ఎస్.డి. అనేది ఒక సంఘటన లేకుండా పుట్టని జబ్బు అనే తేడాను వాదనలో మొదటి నిమిషంలోనే చెప్పుకోవాలి. మీకు నిజంగా పనికివచ్చే తీర్పు వీర్‌పాల్ సింగ్‌ది, 2013. అక్కడ సుప్రీంకోర్టు మెడికల్ బోర్డు అభిప్రాయాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోనవసరం లేదని చెప్పి, రివ్యూ మెడికల్ బోర్డు చేత మళ్లీ పరీక్ష చేయించమంది. మీరు అడగవలసిందీ అదే.

మాధవరం_మనవడు
వకీలు గారూ, ఇంత చుట్టు తిరగడం ఎందుకు? డిశ్చార్జి తర్వాత ఏడేళ్లలోపు బయటపడిన జబ్బుకు కూడా, దాని బీజం సర్వీసులోనే పడిందని వైద్యులు తేల్చితే క్లెయిమ్ చేసుకోవచ్చని అవే 2008 నియమాల్లో ఉంది కదా. ఆయన వచ్చింది 2018లో, ఒంగోలు డాక్టరు రాసింది 2024లో. ఏడేళ్లు దాటలేదు. పాత బోర్డును ముట్టుకోకుండా కొత్త క్లెయిమ్ వేస్తే సరిపోతుంది.

కృష్ణా_వకీలు
సరిపోదు. ఆ నియమం డిశ్చార్జి నాటికి లేని జబ్బు గురించి చెబుతుంది. ఈ అక్కగారి కేసంతా 2012 నాటికే జబ్బు ఉందన్న మాట మీద నిలబడింది. ఒక అర్జీలో 2012లోనే ఉందని, ఇంకో అర్జీలో 2018 తర్వాత వచ్చిందని రాస్తే, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివేవాడికి మనమే దారి చూపించినట్టు అవుతుంది.

మాధవరం_మనవడు
ఒప్పుకుంటున్నాను. మా మామయ్యకు సర్వీసులో ఏ ఫైలూ లేదు, అందుకని ఆయనకు ఆ దారి పనిచేసింది. ఇక్కడ పాత ఫైలు ఉంది, అదీ తప్పు పేరుతో.

నర్సమ్మ_విశాఖ
నియమాల గురించి మీరందరూ మాట్లాడుతున్నారు కాబట్టి నేను వేరే విషయం అడుగుతాను. ఆయన ఇప్పుడు ఏం ఉద్యోగం చేస్తున్నారు?

గిద్దలూరు_కోడలు
బ్యాంకులో గన్‌మన్. సొంత లైసెన్సుతో డబుల్ బ్యారెల్ ఉంది. ఇంట్లోనే ఉంటుంది.

నర్సమ్మ_విశాఖ
నేను అనుకున్నదే. నెలకు వచ్చే డబ్బు కంటే ఇది ముందు చూడవలసిన సంగతి. రాత్రిపూట ఉలిక్కిపడి లేచే మనిషి, తాగే మనిషి ఉన్న ఇంట్లో తుపాకీ, తూటాలు ఒకే బీరువాలో ఉండకూడదు. పోలీసు స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో గానీ డిపాజిట్ చేసుకునే వీలుంది. ఆయన ముద్ర అని భయపడేది కూడా బహుశా ఈ ఉద్యోగం పోతుందనే అయి ఉంటుంది, ఆ భయాన్ని ఊరికే కొట్టిపారేయకండి. ఆయనకు మాట్లాడాలనిపించిన రాత్రి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం, పేరు చెప్పనవసరం లేదు.

గిద్దలూరు_కోడలు
మీరు సరిగ్గా పట్టుకున్నారు. 'లైసెన్సు రద్దయితే ఈ 50 ఏళ్ల వయసులో నాకు ఇంకేం పని వస్తుంది' అని ఒకసారి అన్నారు. నేను దాన్ని సాకు అనుకున్నాను.

కాగితాల_పురుగు
సాకు కాదు. మతిస్థిమితం లేని వ్యక్తికి ఆయుధ లైసెన్సు నిరాకరించాలని ఆయుధాల చట్టంలో ఉంది. పి.టి.ఎస్.డి. అని రాసిన ప్రతివాడూ మతిస్థిమితం లేనివాడు కాదు, కానీ ఆ తేడా లైసెన్సు ఇచ్చే ఆఫీసులో ఎవరు వివరిస్తారు? అర్జీ పెట్టే ముందు ఇద్దరూ కూర్చుని, తుపాకీ లేని ఉద్యోగానికి మారితే జీతం ఎంత తగ్గుతుందో, పింఛను వస్తే ఎంత పెరుగుతుందో కాగితం మీద వేసుకోండి.

లెక్క నేను వేసి ఇస్తాను. 100 శాతం వైకల్యానికి డిజేబిలిటీ ఎలిమెంట్, అంటే సర్వీసు పింఛను మీద అదనంగా వచ్చే భాగం, ఆఖరి జీతంలో 30 శాతం. మీకు రాసింది 20 శాతం, కానీ 50 కంటే తక్కువ ఉన్నదాన్ని 50గా పరిగణించే రౌండింగ్ ఉంది. ఇది మొదట ఇన్వాలిడ్ అయి, అంటే జబ్బు వల్ల సర్వీసు మధ్యలోనే పంపేయగా వచ్చినవారికే ఇచ్చేవారు. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కాలపరిమితి పూర్తిచేసి వచ్చినవారికీ వర్తించింది. కాబట్టి ఆఖరి జీతం 40,000 అనుకుంటే 30 శాతం 12,000, అందులో సగం 6,000, దాని మీద కరువు భత్యం. దీన్ని యుద్ధ గాయంగా, అంటే 'ఇ' కేటగిరీగా గుర్తిస్తే అంతకు రెట్టింపు అవుతుంది. అయితే ఒంటి మీద గాయం లేని మనిషిని బ్యాటిల్ క్యాజువాలిటీగా రాయించడం చాలా కష్టం, దాని మీద ఆశ పెట్టుకోకండి.

చిల్లర_శ్రీను
20 వేస్తే 50 అవుతుంది, 50 వేస్తే 75 అవుతుంది, 76 వేస్తే 100 అవుతుంది. మా అబ్బాయి లెక్కల పరీక్షకు కూడా ఈ రౌండింగ్ పెట్టమని బడిలో అర్జీ పెడదామనుకుంటున్నాను.

కడప_రాణి
మా ఇంటి సంగతి చెబుతాను. మా వారిని సర్వీసు మధ్యలోనే ఇన్వాలిడ్ చేసి పంపారు, అందువల్ల దారి కొంత తేలికైంది. అయినా రికార్డు ఆఫీసు, మొదటి అప్పీలు, రెండో అప్పీలు దాటి చెన్నైలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ దాకా వెళ్లవలసి వచ్చింది. ఆంధ్ర, తెలంగాణ కేసులు ఆ బెంచికే వెళతాయి. నేను చేసిన పెద్ద తప్పు ఏమిటంటే, మొదటి రెండేళ్లు ఆయనకు తెలియకుండా అర్జీలు పెట్టడం. రివ్యూ బోర్డుకు పిలుపు వచ్చిన రోజు ఆయనకు తెలిసింది. ముగ్గురు డాక్టర్ల ముందు కూర్చుని 'నాకేం లేదు, బాగానే ఉన్నాను, మా ఆవిడకు డబ్బు పిచ్చి' అని చెప్పి వచ్చారు. ఆ ఒక్క వాక్యాన్ని ఫైలులోంచి తీయించడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

కాబట్టి ఆయన ఒప్పుకోకుండా ఒక్క కాగితం కూడా కదపకండి, చెల్లీ.

రిటైర్డ్_సుబేదార్
జవానుకు 22 ఏళ్లు నేర్పేది ఆ ఒక్క మాటే: 'ఠీక్ హూఁ సాబ్'. కాలు విరిగినా అదే చెబుతాడు. మెడికల్ బోర్డు ముందు కూడా అలవాటు పోదు.

డల్లాస్_లక్ష్మి
నేను ఉండేది టెక్సాస్‌లో. మా వారు అమెరికా సైన్యంలో ఇరాక్ వెళ్లి వచ్చారు. ఇక్కడి పద్ధతి వేరు కాబట్టి నియమాలు చెప్పను, ఒక్క అనుభవం చెబుతాను. ఇక్కడ భార్యాభర్తలు, స్నేహితులు సాక్ష్యం రాసి ఇవ్వడానికే ప్రత్యేకంగా 21-10210 అనే ఫారం ఉంది. మొదటిసారి నేను 'ఆయన పూర్తిగా మారిపోయారు, చాలా కోపంగా ఉంటారు, మేము నరకం అనుభవిస్తున్నాము' అని రెండు పేజీలు రాశాను. సాయం చేయడానికి వచ్చిన పెద్దాయన, ఆయన కూడా మాజీ సైనికుడే, చదివి పక్కన పెట్టి, 'ఇది ఏ ఇల్లాలైనా ఏ భర్త గురించైనా రాయగలదు' అన్నారు. మళ్లీ రాసినప్పుడు విశేషణాలన్నీ తీసేసి, నేను కళ్లారా చూసినవి, తేదీలతో, నెలకు ఎన్నిసార్లో రాశాను. 70 శాతం వైకల్యం రేటింగ్ వచ్చింది.

మాధవరం_మనవడు
అమెరికాలో ఫారం ఉంది, సరే. ఇక్కడ భార్య వాంగ్మూలానికి ఫారమే లేదు కదా, ఎవరు చదువుతారు?

కృష్ణా_వకీలు
ఫారం లేకపోయినా నోటరీ అఫిడవిట్ జతచేయకుండా ఎవరూ ఆపలేరు. బోర్డు డాక్టర్లు రోగి చరిత్ర రాసుకునేటప్పుడు కుటుంబం చెప్పేదాన్ని కూడా వింటారు. ట్రిబ్యునల్‌కు వెళితే ఆ అఫిడవిట్ మొదటి రోజు నుంచీ ఫైలులో ఉందనడం మనకు బలం. లక్ష్మి గారి సలహా ఇక్కడికీ అక్షరాలా వర్తిస్తుంది.

గిద్దలూరు_కోడలు
నాలుగు రోజులు కూర్చుని ఇలా రాశాను. దయచేసి తప్పులు చెప్పండి.

'2011లో దసరా సెలవుకు వచ్చినప్పటి నుంచి నా భర్త రాత్రి రెండు గంటలకు మించి నిద్రపోవడం నేను చూడలేదు. గోడకు వీపు ఆనించి, తలుపు వైపు ముఖం పెట్టి కూర్చునేవారు. ఆ ఏడాది ఆయన మద్యం ముట్టలేదు. 2012లో మా మరిది పెళ్లి ఊరేగింపులో ఔట్లు పేల్చినప్పుడు మూడేళ్ల మా పాపను లాక్కుని ఎడ్లబండి కింద పడుకున్నారు. పాప మోచెయ్యి విరిగింది, కట్టు కట్టిన ఆసుపత్రి చీటీ జతచేస్తున్నాను. ఆ రాత్రి నుంచే నిద్ర కోసమని తాగడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ప్రతి దీపావళికీ ఊరి బయట పొలంలోని మోటారు షెడ్డులో తలుపు వేసుకుని ఉంటారు. మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ వాడడం మానేసి పదేళ్లు దాటింది. ఆయన చాలా మంచివారు, దేశం కోసం అన్నీ త్యాగం చేశారు, ప్రభుత్వం ఆయనకు అన్యాయం చేసింది.'

డల్లాస్_లక్ష్మి
చివరి వాక్యం తీసేయండి. మిగిలినదానిలో ఒక్క అక్షరం కూడా మార్చకండి.

కాగితాల_పురుగు
పాప మోచేతి చీటీ మీ దగ్గర ఉండడం ఎంత గొప్ప విషయమో మీకు తెలియడం లేదు. అది ఆయన గురించి రాసినది కాదు, పింఛను కోసం రాసినది కాదు, దాని మీద 2012 నాటి తేదీ ఉంది. 'ఆ ఏడాది ఆయన మద్యం ముట్టలేదు' అన్న వాక్యాన్ని ఇంకొకరి చేత కూడా చెప్పించగలరా? ఆ పెళ్లికి వచ్చిన తోటి సైనికులు ఎవరైనా ఉన్నారా? రాష్ట్రీయ రైఫిల్స్‌లో కలిసి పనిచేసినవారు ఆ గాలింపు సంఘటనను ధ్రువీకరిస్తూ ఉత్తరం ఇస్తే ఇంకా మంచిది.

నర్సమ్మ_విశాఖ
ఒంగోలు డాక్టరు గారి చీటీలో జబ్బు పేరు మాత్రమే ఉంటే చాలదు. ఏ సంఘటన, ఏ లక్షణాలు, ఎప్పటి నుంచి, తాగుడు ముందా తర్వాతా అన్నది వివరంగా ఒక నివేదిక రూపంలో రాయించుకోండి. మీ ఈ వాంగ్మూలం ఆయనకు చూపించండి. 'భార్య చెప్పిన వివరాల ప్రకారం' అని ఆయన రాస్తే తప్పేమీ లేదు. మాజీ సైనికుల వైద్య పథకమైన ఇ.సి.హెచ్.ఎస్. పాలిక్లినిక్ ద్వారా కూడా ఒకసారి మానసిక వైద్యుడికి రిఫర్ చేయించుకుంటే ప్రభుత్వ వ్యవస్థలోనూ కాగితం పుడుతుంది.

చిల్లర_శ్రీను
కుక్కర్ లేకుండా పదేళ్లు కందిపప్పు ఉడకబెట్టిన ఇల్లాలికి విడిగా ఒక ఎలిమెంట్ ఇవ్వాలి. ఇది హాస్యానికి అనడం లేదు.

మాధవరం_మనవడు
ఇంకో అనుమానం. తిరస్కరణ మీద మొదటి అప్పీలుకు ఆరు నెలల గడువు కదా. ఈ అక్కకు 2018లోనే ఉత్తరం వచ్చింది. ఇప్పుడు తలుపు తెరిచి ఉందా?

కృష్ణా_వకీలు
గడువు దాటింది, కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని కారణంతో అడగాలి. జబ్బు అసలు పేరు 2024లో గానీ తెలియలేదన్నది బలమైన కారణమే. పింఛను నెలనెలా కొత్తగా పుట్టే హక్కు కాబట్టి ఆలస్యం వల్ల కేసు మొత్తం చచ్చిపోదు, కానీ బకాయిలు మాత్రం దావా వేసిన తేదీకి ముందు మూడేళ్ల వరకే దక్కుతాయి. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అంటే మీరు ఆగే ప్రతి నెలా ఒక నెల బకాయి కరిగిపోతుంది. 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటకు వచ్చినవారికి కొత్త నియమాలు ఉన్నాయి, మీ వారు 2018 కనుక వాటి ప్రస్తావన తెచ్చి ఎవరైనా భయపెడితే నమ్మకండి.

కడప_రాణి
దళారుల సంగతి కూడా చెప్పండి. బకాయిలలో మూడో వంతు ఇస్తే చాలు, ముందు పైసా వద్దని ఒకాయన మా ఇంటికి వచ్చాడు.

కృష్ణా_వకీలు
వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. న్యాయవాది కాని మనిషి అయితే అసలు వాదించనే లేడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి. మాజీ సైనికుల కుటుంబాలకు న్యాయ సహాయం కోసం జాతీయ న్యాయ సేవల సంస్థ నల్సా 2025 జూలైలో వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది.

గిద్దలూరు_కోడలు
పది రోజులు ఇటు రాలేకపోయాను. కడప అక్క చెప్పినట్టు ముందు ఆయనతో మాట్లాడాలనుకున్నాను, కానీ ఎలా మొదలుపెట్టాలో తెలియక, నేను రాసిన వాంగ్మూలాన్ని ఆయన భోజనం చేసే చోట పీట పక్కన పెట్టి పొలానికి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి కాగితం అక్కడే ఉంది. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే '2011 దసరా' అన్నచోట నీలం పెన్నుతో దసరా కొట్టేసి 'ఆగస్టు' అని రాసి ఉంది. కింద తోటి జవాను పేరు, ఊరు, తేదీ, టైము ఆయన చేతిరాతతో ఉన్నాయి. 14 ఏళ్లలో ఆ పేరు ఆయన రాయడం నేను చూడడం ఇదే మొదటిసారి.

సమాచార హక్కు దరఖాస్తు మీద సంతకం పెట్టారు. తుపాకీ సంగతి వచ్చే నెల లైసెన్సు రెన్యువల్ అప్పుడు చూద్దామన్నారు. అంతవరకు తూటాలు మా తమ్ముడి ఇంట్లో ఉంచడానికి ఒప్పుకున్నారు.

కడప_రాణి
ఆ నీలం పెన్ను దిద్దుబాటు ఉన్న ప్రతిని పారేయకండి, కొత్తగా టైపు చేయించినా సరే.

నర్సమ్మ_విశాఖ
తూటాలు వేరే మనిషి దగ్గర ఉంచడం మంచిదే, కానీ లైసెన్సు లేనివారి ఇంట్లో పెడితే మీ తమ్ముడికి చిక్కు. రెండూ కలిపి స్టేషనులోనే డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. వచ్చే నెల దాకా ఆగవద్దు.

రిటైర్డ్_సుబేదార్
ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు డిశ్చార్జి బుక్‌లో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే రాయండి. ఒక అక్షరం తేడా ఉన్నా వెనక్కి వస్తుంది. స్పీడ్ పోస్టులో పంపి రసీదును జిరాక్స్ తీయించి పెట్టుకోండి, ఆ రసీదు మీద సిరా ఆరు నెలల్లో మాసిపోతుంది. ఆ జవాను యూనిట్ నంబరు నాకు విడిగా సందేశం పెట్టండి. అదే సమయంలో అక్కడ పనిచేసిన ఇద్దరు ముగ్గురు మా సంఘంలో ఉన్నారు, అడిగి చూస్తాను.

గిద్దలూరు_కోడలు
స్టేషనుకు రేపు ఇద్దరం వెళుతున్నాము. నంబరు ఈ రాత్రికి పంపిస్తాను, బాబాయ్ గారూ.